ఎద పోతే వేట పోతుందా?

“ఆపరేషను చేయించిన పిల్లి ఇక పిల్లి కాదు” అన్న నమ్మకం మా ప్రాంతంలో ఎంత లోతుగా పాతుకుని ఉన్నదో పిల్లిని పెంచేవారికి తప్ప తక్కినవారికి తెలియదు. సూర్యాపేటలో మా వీధివారు ఈ మాట అన్నారు. కోదాడలో మా మేనత్త అన్నది. మిర్యాలగూడలో ఒక బియ్యపు మిల్లు గుమస్తాగారు అన్నారు. మాట ఒకటే గాని ముగ్గురి భయాలూ వేరు. మా వీధివారికి అది మందకొడిదై మూలన పడి ఉంటుందని భయం. మేనత్తకు దాని ఉసురు తగులుతుందని భయం. గుమస్తాగారికి ఎలుకలు పట్టదని భయం. ఈ మూడింటినీ కలగాపులగం చేయకుండా విడివిడిగా చూడాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఆడపిల్లికి శస్త్రచికిత్స చేయించడమే మేలు, దాని స్వభావం మారిపోతుందన్న మాటలో నిజం పావలా, అపోహ ముప్పావలా. (ఆడపిల్లికీ ఆడపిల్లకూ మన లిపిలో ఒక్క గుడి మాత్రమే తేడా. ఈ వ్యాసం పొడుగునా ఆ తేడాను జాగ్రత్తగా చదువుకోవలసిందిగా ప్రార్థన.)

అసలు ఏ స్వభావం గురించి మాట్లాడుతున్నాము? శస్త్రచికిత్స కాని ఆడపిల్లి ఎదకు వచ్చినప్పుడు ఏం చేస్తుందో చూసినవారికి తెలుసు. గొంతు మారుతుంది. పగలూ రాత్రీ దీర్ఘాలు తీస్తూ అరుస్తుంది. నేలమీద పొర్లుతుంది, గుమ్మాలకూ కుర్చీకాళ్ళకూ ఒళ్ళు రుద్దుకుంటుంది, నడుము మీద చెయ్యి వేస్తే ముందుభాగం నేలకు ఆనించి వెనుకభాగం పైకెత్తుతుంది. మొదటిసారి చూసినవారు కడుపునొప్పి అనుకుంటారు. అర్ధరాత్రి పిల్లి ఏడిస్తే ఇంటికి కీడని మన పెద్దలు భయపడేవారు గదా, ఆ కీడు చాలాసార్లు ఇదే: గోడమీద ఒక ఆడపిల్లి, గోడ కింద ఇద్దరు ముగ్గురు గండుపిల్లుల తగాదా. ఒక్కొక్క ఎద సుమారు వారంరోజులు ఉంటుంది. జత కలవకపోతే రెండు మూడు వారాలకు మళ్ళీ వస్తుంది. ఇందులో ఇంకొక విశేషం ఉన్నది. ఆవులోనూ మనిషిలోనూ అండం దానంతటదే విడుదలవుతుంది. పిల్లిలో సాధారణంగా జత కలిసిన తరువాతే విడుదలవుతుంది. అందువల్ల దాని సంయోగం వృథా పోవడం అరుదు. అరవై మూడు, అరవై అయిదు రోజులు తిరిగేసరికి మూడో నాలుగో పిల్లలు.

శీతలదేశాల పిల్లులకు పొద్దు తగ్గే కాలంలో ఈ బాధ ఉండదు. ఎదను నడిపేది పగటి వెలుతురు. మనమున్నది భూమధ్యరేఖకు ఉత్తరాన 17 డిగ్రీల దగ్గర. మన అతి చిన్న పగలు కూడా పదకొండు గంటలు. ఇంగ్లండు పిల్లికి ప్రకృతి ఇచ్చే శీతాకాలపు సెలవు సూర్యాపేట పిల్లికి దాదాపు లేదనే చెప్పాలి. ఆరు నెలల వయసుకు, కొన్నిటికి నాలుగు నెలలకే, మొదలయ్యే ఈ చక్రం ముసలితనం దాకా ఆగదు. “దాని స్వభావాన్ని దానికి వదిలేయండి” అనేవారు ఈ లెక్క ఒకసారి వేసి చూడాలని నా కోరిక.

ఇప్పుడు శస్త్రచికిత్స సంగతి. మన పత్రికలు దీనిని కూడా ‘కు.ని.’ అని రాస్తాయి. కుటుంబ నియంత్రణ అన్న మాటకు అది సంక్షిప్తం. చిక్కంతా ఇక్కడే మొదలైందని నా అనుమానం. ఉభయ తెలుగు రాష్ట్రాలలో కు.ని. అంటే ఆడవారి ఆపరేషనే. మగవారి వాటా నామమాత్రం. ఇంటింటా ఒకరికైనా అయినదే గనుక దాని గురించి అందరికీ తెలుసు. కాని స్త్రీలకు చేసేది నాళాలను మూయడం. అండాశయాలు ఎక్కడివక్కడే ఉంటాయి, వాటి రసాయనాలు యథావిధిగా రక్తంలో కలుస్తుంటాయి. పిల్లికి చేసేది అది కాదు. దాని అండాశయాలనే తీసివేస్తారు. చాలాచోట్ల గర్భసంచిని కూడా. పేరు ఒకటే కావడంతో రెండు రకాల పొరపాట్లు జరుగుతున్నాయి. ఒకరు “ఏమీ మారదు, మా వదినకేం మారింది?” అంటారు. మరొకరు ఇటువైపు పోలిక మాని పశువుల కొట్టంలోకి వెళ్ళి “కోడెను విత్తుకొడితే ఏమవుతుందో చూడలేదా?” అంటారు.

ఈ రెండవ పోలిక గట్టిది, తేలికగా తోసిపారేయలేనిది. విత్తుకొట్టిన కోడె నిజంగానే మారుతుంది. పొగరు తగ్గి కాడికి వంగుతుంది, తోటి పశువుమీదికి ఉరకదు. నాలుగైదు తరాలుగా రైతులు కళ్ళారా చూసిన మార్పు అది. అయితే అక్కడ తగ్గినదేమిటి? వృషణాల రసాయనం మీద ఆధారపడిన పొగరు తగ్గింది. మేత మేయడం మరచిపోయిందా? తోవ మరచిపోయిందా? యజమాని గొంతు గుర్తుపట్టడం మానిందా? ఏ అవయవం తీసివేస్తే ఆ అవయవం చేయించే పనులే ఆగుతాయి. ఆడపిల్లి విషయంలో ఆగేవి నేను పైన చెప్పినవే: అరుపులు, పొర్లాటలు, రాత్రిపూట గోడలు దూకి పారిపోవడం. అవి కూడా కొద్దిరోజులలోనే ఆగిపోతాయి. (వారాలు గడిచినా ఎద లక్షణాలు మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంటే అండాశయపు ముక్క ఏదైనా లోపల మిగిలి ఉండవచ్చు; వైద్యునికి చూపించవలసిన విషయం అది.) ఆటలూ అలకలూ, ఒకరి ఒడిలోనే పడుకునే పక్షపాతమూ అండాశయంలో ఉండవు. మా ఇంటి మూడురంగుల పిల్లి ఆపరేషనుకు ముందు మా అమ్మగారి చీరకొంగును ఎట్లా లాగేదో ఇప్పటికీ అట్లాగే లాగుతున్నది. (మూడురంగుల పిల్లి దాదాపు ఎప్పుడూ ఆడదే. పిల్లి రంగును బట్టి లింగం చెప్పగల సందర్భం ఇదొక్కటే కాబోలు.)

ఇక వేట. మిర్యాలగూడ గుమస్తాగారి భయాన్ని నేను గౌరవిస్తాను, ఎందుకంటే ఆయనకు పిల్లి ముద్దుకోసం కాదు, పనికోసం. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ వచ్చిన తరువాత మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాలు వరి మడులయ్యాయి. వరి వెంట మిల్లులు, మిల్లుల వెంట ధాన్యపు గుట్టలు, గుట్టల వెంట ఎలుకలు, వాటి వెంట పిల్లులు. మనిషికీ పిల్లికీ స్నేహం కుదిరిందే ఇట్లాగట. పశ్చిమాసియాలో తొలి రైతులు గింజలు నిలవచేసుకున్నప్పుడు అడవిపిల్లి ఎలుకల కోసం వాకిట్లోకి వచ్చిందంటారు. సైప్రస్ దీవిలో సుమారు తొమ్మిదిన్నర వేల ఏళ్ళనాటి సమాధిలో మనిషి పక్కన పిల్లి అస్థిపంజరం దొరికిన సంగతి 2004లో లోకానికి తెలిసింది. మిర్యాలగూడ మిల్లులలో జరిగేది ఆ పాతకథే, లారీలూ డ్రయ్యర్లూ మాత్రం కొత్తవి.

అండాశయం తీస్తే వేట పోతుందా? పోదు. వేట పిల్లి మెదడుకు పుట్టుకతో వచ్చినది, కూనగా ఉన్నప్పుడు తల్లి దగ్గర సానపెట్టుకున్నది. తల్లిపిల్లి మొదట చచ్చిన ఎలుకను తెచ్చి పిల్లల ముందు పడేస్తుంది, తరువాత కొనఊపిరితో ఉన్నదానిని తెస్తుంది, ఆపైన బతికున్నదానిని తెచ్చి వదిలి పక్కన కూర్చుని చూస్తుంది. ఆ చదువు అయిన పిల్లికి కదిలే తోక కనిపిస్తే చాలు. కడుపు నిండి ఉన్నా పంజా విసురుతుంది. ఆకలీ వేటా దానిలో రెండు వేర్వేరు తీగలు. ఆపరేషన్ అయిన పిల్లులు పక్షులను పట్టడం ప్రపంచమంతటా పక్షిప్రేమికుల ఫిర్యాదు కూడాను! అయితే గుమస్తాగారి మాటలో నిజమున్న చోటు ఒకటుంది, దానిని దాచడం న్యాయం కాదు. పాలిచ్చే తల్లిపిల్లి మామూలు పిల్లికంటె ఎక్కువగా వేటాడుతుంది. నాలుగు నోళ్ళు ఎదురుచూస్తుంటే ఎవరైనా అంతే. ఏడాదికి రెండు మూడుసార్లు ఈనే పిల్లిని చూడడానికి అలవాటుపడిన మిల్లువారికి, ఈనని పిల్లి సోమరిగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. తన కడుపుకోసమూ సరదాకోసమూ పట్టేది అది పడుతూనే ఉంటుంది; పిల్లలకోసం పట్టేది మాత్రం ఉండదు. దీనికి బదులుగా ఆ మిల్లుకు దక్కేదేమిటంటే, వారంరోజులు ఎద మత్తులో ఊరు తిరగని పిల్లి, గండుపిల్లుల కాట్లతో చీము పట్టని పిల్లి. ఈ బేరం నష్టమని నేననుకోను. ఆయన రెండు పిల్లులకు ఒప్పుకున్నారు. అన్నిటికంటె బాగా వేటాడే మూడవదానిని మాత్రం ముట్టుకోవద్దన్నారు.

నిజంగా మారేది ఒకటుంది: ఆకలి. అందరూ “మందకొడిదైంది” అనేది దీనిని చూసే. ఆపరేషన్ అయిన కొద్దిరోజులకే పిల్లికి తిండి మీద ధ్యాస పెరుగుతుంది. అదే సమయంలో దాని శరీరానికి కావలసిన తిండి సుమారు నాలుగోవంతు తగ్గుతుంది. ఆకలి పెరిగి అవసరం తగ్గితే ఏమవుతుందో వేరే చెప్పాలా? పైగా మన ఇళ్ళలో పిల్లికి పెట్టేది పెరుగన్నం, పాలన్నం. పిల్లి శుద్ధ మాంసాహారి. అన్నం దానికి పొట్ట నింపుతుంది గాని ఒంటికి పట్టదు, పట్టినంతమేర కొవ్వుగా పడుతుంది. పెద్దయిన పిల్లులలో చాలావాటికి పాలు కూడా అరగవు. “పాపం ఆపరేషనైంది” అని జాలిపడి ఇంకో గరిటె వడ్డిస్తాము, ఆరు నెలలకు అది దిండులాగా తయారవుతుంది, అప్పుడు నింద కత్తిమీద వేస్తాము. లావెక్కిన పిల్లి కిటికీ ఎక్కదు, ఎలుకను తరమదు, మధుమేహం కూడా తెచ్చుకోవచ్చు. చేయవలసింది చిన్నదే: కొలిచి పెట్టడం, అన్నం తగ్గించి చేపో కోడిమాంసమో గుడ్డో పెట్టడం, రోజుకు పదినిమిషాలు ఒక పురికొస ముక్కతో ఆడించడం. మా పిల్లి ఆపరేషన్‌నాడు రెండున్నర కిలోలు, ఏడాది తరువాత మూడు కిలోలు. ఇప్పటికీ అటక మీదికి ఒక్క దూకులో ఎక్కుతుంది.

మొదటి రెండుమూడు రోజులను చూసి మాత్రం ఎవరూ తీర్పు చెప్పకూడదు. మత్తుమందుగా తరచు వాడే కెటమిన్ ప్రభావంలో పిల్లి కళ్ళు తెరుచుకునే ఉంటాయి. చూపు లేని ఆ కళ్ళను చూసి ఇంట్లోవారు బెంబేలెత్తుతారు. మేలుకున్నాక తూలుతుంది, మూలలు వెతుక్కుంటుంది, దగ్గరికి వెళితే గుర్రుమంటుంది. ఇంట్లో రెండవ పిల్లి ఉంటే అది దీనిని పరాయిదానిలాగా చూసి బుసకొడుతుంది, ఎందుకంటే దీని ఒంటిమీద ఆస్పత్రి వాసన ఉన్నది, ఇంటివాసన లేదు. ఇవన్నీ నాలుగు రోజుల ముచ్చట్లు. ఒక్క హెచ్చరిక మాత్రం మరచిపోవద్దు: నొప్పి ఉన్నదేమోనని మన పారాసిటమాల్ మాత్ర అరముక్క కూడా దానికి వేయకండి. పిల్లి కాలేయానికి దానిని విరిచివేసే శక్తి లేదు, చనిపోతుంది.

గండుపిల్లుల గురించి ఎక్కువ చెప్పను. గోడలమీద మూత్రం చిమ్మడం, కొట్లాటలు, రోజుల తరబడి కనిపించకపోవడం ఆపరేషన్ తరువాత పదింట ఎనిమిది తొమ్మిదింటిలో తగ్గుతాయని 1973లోనే కాలిఫోర్నియా పశువైద్యులు ప్రకటించారు. కొన్నిటిలో వెంటనే, కొన్నిటిలో నెలలు పట్టి. కాని ఊరి పిల్లుల సంఖ్య తగ్గాలంటే చూడవలసింది ఆడవాటినే. పది గండుపిల్లులలో తొమ్మిదింటికి చేసినా పదవది ఆ తొమ్మిదింటి పనీ చేసిపెడుతుంది.

మా మేనత్త అభ్యంతరం వేరే తరహాది. దానికి శాస్త్రంలో జవాబు వెతకడం నాకు ఇష్టం లేదు. “దానికి నోరు లేదని కోతకోసుడేంది బిడ్డా? తల్లయ్యే రాత దానికి దేవుడు రాసిండు, నువ్వెవరవు తుడిచేటందుకు?” అన్నది. నేను అన్నాను: “అత్తా, మరి పోయినేడు పుట్టిన నాలుగు పిల్లలు ఏమైనయి?” ఆమె మాట్లాడలేదు. అవి ఏమైనవో నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. రెండు మగవాటిని ఎవరో పట్టుకుపోయారు. రెండు ఆడవాటిని గోనెసంచిలో వేసి కాలువ అవతల వదిలి వచ్చారు. పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేసి కాశీలో దానమివ్వాలని మనకొక నమ్మకం. అందుకని ఎవరూ చంపరు. వదిలి వస్తారు. కళ్ళు తెరిచి పదిరోజులైనా కాని కూనను కాలువ గట్టున వదిలితే అది ఏమవుతుందో కాకికీ కుక్కకూ ఎండకూ తెలుసు. పాపం మన ఖాతాలో పడదు, అంతే తేడా.

తల్లితనం గురించి మాట్లాడేవారు తల్లిని కూడా చూడాలి. ‘పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పినట్టు’ అని సామెత చెప్పుకుని నవ్వుతాము. ఎందుకు తిప్పుతుంది? మెడ కరుచుకుని ఒక్కొక్కదానినీ అటకమీదికీ, అక్కడినుంచి గడ్డివాములోకీ, అక్కడినుంచి పాడుబడ్డ గదిలోకీ మార్చేది గండుపిల్లికీ కుక్కకూ మనకూ భయపడి. గోనెసంచి వెళ్ళిన తరువాత మా మేనత్త ఇంటి పిల్లి రెండురోజులు ఇల్లంతా వెతికింది, బియ్యపు డబ్బాల వెనుకా మంచాల కిందా పిలుస్తూ. మూడువారాలకు మళ్ళీ ఎదకు వచ్చింది. అది తల్లి కావాలని కోరుకున్నదో లేదో నాకు తెలియదు గాని, ఆ రెండురోజులను అది కోరుకోలేదని చెప్పగలను. సూర్యాపేటలో మా పక్కవీధి ముస్లిం కుటుంబాలలో పిల్లిని తరిమేవారిని నేను చూడలేదు. అబూ హురైరా అన్న పేరుకు ‘పిల్లికూన తండ్రి’ అని అర్థమని ఒక పెద్దాయన నాకు చెప్పారు. ఆయనకు కూడా పిల్లలను ఎవరికి ఇవ్వాలన్నదే ఏటా సమస్య. దయ ఉన్న ఇళ్ళే ఈ చిక్కులో ఎక్కువగా పడతాయి. ‘పిల్లికి బిచ్చం పెట్టనివాడు’ హాయిగా ఉంటాడు.

మరొక లాభం ఉన్నది, స్వభావానికి సంబంధించినది కాకపోయినా చెప్పాలి. ఆరు నెలలలోపు ఆపరేషనైన ఆడపిల్లికి రొమ్ము క్యాన్సరు ముప్పు 91 శాతం తగ్గుతుందని 2005లో వెలువడిన పరిశోధన. పిల్లులలో ఆ గడ్డలు చాలామటుకు ప్రాణాంతకమైనవే.

ఇంత మేలైనదైతే ఎందుకు చేయించరు? చేసేవారు దగ్గర లేక. మన జిల్లాలలో పశువైద్యం అంటే గేదె, గొర్రె, మేక. అది తప్పని అనను. ఈ ప్రాంతం వాటిమీద బతుకుతున్నది. కాని పిల్లిని బుట్టలో పెట్టుకుని ఒకచోటికి వెళితే “పిల్లికా?” అని నవ్వి పంపించారు. సూర్యాపేట నుంచి హైదరాబాదు సుమారు 135 కిలోమీటర్లు. కోదాడవారు విజయవాడ పోవాలంటే ఇంచుమించు నూరు. అరుస్తున్న పిల్లితో బస్సు ప్రయాణం ఎందరు చేయగలరు? చట్టం చూపు కూడా కుక్కమీదే. 2001 నాటి జనన నియంత్రణ నిబంధనల పేరులోనే కుక్క ఉన్నది. 2023లో వచ్చిన కొత్త నిబంధనల పేరులోనుంచి కుక్క తొలగింది గాని పురపాలక సంఘాల ఆలోచనలోకి పిల్లి రాలేదు. కరిచేదానికే బడ్జెటు.

పెద్ద శిబిరాలు పెట్టి ఒక్కరోజులో వందల పిల్లులకు చేయాలని మాత్రం నేను కోరను. 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నంలో ఒకేరోజు 34 మంది స్త్రీలకు కు.ని. ఆపరేషన్లు చేస్తే నలుగురు మరణించారు. మనుషులకే లెక్కల తొందరలో అట్లా జరిగినచోట పిల్లుల సంగతి వేరే చెప్పాలా. ఆపరేషన్ అన్న మాట వినగానే మా మేనత్త వంటివారు ఉలికిపడడంలో ఈ జ్ఞాపకాల పాలు కూడా ఉన్నది. నేను కోరేది చిన్నది: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పశువైద్యశాలలలో వారానికి ఒక్క పూట, చిన్న జంతువులలో అనుభవమున్న ఒక్క వైద్యుడు, శుభ్రమైన ఒక బల్ల, రోజుకు నాలుగైదు పిల్లులు. రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరు కళాశాలలనుంచి ఏటా యువ వైద్యులు బయటికి వస్తున్నారు. వారికి ఈ పని కొత్త కాదు. తీసుకువెళ్ళేవారు పిల్లికి నాలుగైదు నెలలు నిండగానే, మొదటి ఎద రాకముందే తీసుకువెళ్ళాలి. ఆకలి కడుపుతో ఎంతసేపు ఉంచాలో ముందురోజే వైద్యుని అడగాలి. వచ్చేటప్పుడు దాని పాత పడకగుడ్డ ఒకటి బుట్టలో వేసుకుని వెళ్ళండి, మేలుకున్నప్పుడు ఇంటివాసన తగులుతుంది.